వకుళ వేసిన మూడు కేకలు

కుంతలపురిని ఏలే చంద్రకేతు మహారాజుకు ఆ ఏడు పెద్ద చిక్కే వచ్చిపడింది. ఆయన ఒక్కగానొక్క కూతురు లవంగిక వనవిహారానికి వెళ్ళి, కొండ మీద ఎదురుపడిన వజ్రకపాలుడనే రాక్షసుడి బట్టతల చూసి పకపకా నవ్వింది. వాడు పళ్ళు పటపటా కొరికి, “నాకు లేని జుట్టంతా నీకే పెరుగుగాక! అందులో ఒక్క చిక్కూ విడకుండుగాక!” అని శపించాడు.

నాటినుంచి రాకుమారి జుట్టు రోజుకు మూరెడు పెరుగుతూ, చిక్కులు పడుతూ, మేడ కిటికీలోంచి కింద అంగడి వీధిదాకా వేలాడింది. కత్తిరిస్తే పోయేది కదా అంటారేమో. పదునైన కత్తెరలే మొండివైపోయాయి. పెట్టిన ప్రతి దువ్వెనా విరిగింది. చిక్కు విడదీసినవాళ్ళు ఏం కోరితే అది ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

ఆ వీధిలోనే వకుళ అనే దువ్వెనల అమ్మాయి ఉండేది. వేపచెక్క కోసి, సన్నని రంపంతో ఒక్కో పన్నూ తీర్చి, మూడు రోజులు నువ్వులనూనెలో నానబెట్టేది. పని చూస్తే బంగారం. నలుగురి ముందుకు వచ్చిందంటే మాత్రం గొంతు ఎండిపోయేది, అరచేతులకు చెమటలు పట్టేవి. అందుకని అరుగు మీద తెర కట్టుకుని దాని వెనక కూర్చునేది. తెర ముందు నిలబడి అమ్మేది ఆమె చిన్ననాటి నేస్తం తరళ.

కుంతలపురి అంగడికి ఒక ఆచారం ఉంది. ఏటా చైత్రమాసపు మొదటి సంతనాడు వర్తకులంతా అరుగులెక్కి, తమ పేరూ సరుకూ మూడుసార్లు కేకవేసి చెప్పాలి. ఏ పేరు వినిపిస్తే ఆ ఏడాదంతా ఆ అరుగు వాళ్ళది. వకుళ పేరును ఏటా తరళే కేకవేసేది. ఆ ఏడు కూడా గొంతెత్తింది.

“తరళ దువ్వెనలు! తరళ దువ్వెనలు! తరళ దువ్వెనలు!”

వకుళ చటుక్కున లేచి నిలబడింది. తెర తీసి, ‘కాదు, అవి నావి’ అనాలనుకుంది. నోరు పెగలలేదు. అంగడి పెద్ద పలక మీద తరళ పేరు రాసుకుని వెళ్ళిపోయాడు.

“ఏమే, ఎందుకిలా చేశావు?” అంది వకుళ.

“ఎండలో అరిచిందీ, అందరి మాటలూ పడిందీ నేను. నిన్ను ఎవరు చూశారే?” అంది తరళ, ఆమె ముఖం వంక చూడకుండానే.

అరుగు పోయిందన్న బాధ ఒక ఎత్తు, ఆ చూడకపోవడం ఒక ఎత్తు. ఒకే కంచంలో తిన్న మనిషి అలా ముఖం తిప్పుకుంటే ఎంత నొప్పో మీరే ఊహించండి. వకుళ తన రంపం, నూనెకుప్పె, మూటెడు దువ్వెనలు తీసుకుని ఊరు విడిచింది. రాకుమారి చిక్కు విడదీస్తే అరుగు తిరిగి అడగవచ్చన్నది ఆమె ఆశ. అందుకు తగిన చెక్క ఎక్కడో దొరక్కపోదని అడవిలో అడుగుపెట్టింది.

రెండో రోజున ఒక ముసలి ఎలుగుబంటి దారికి అడ్డంగా కూర్చుంది. దాని బొచ్చంతా ముళ్ళూ, పల్లేరుకాయలూ. “ఎవరు నువ్వు? ఆ మూటలో ఏముంది?” అని గుర్రుమంది.

“దు... దువ్వెనలు.”

“వినపడలేదు.”

“దువ్వెనలు! నేనే చేశాను!”

“అయితే నా చిక్కు తియ్యి. నొప్పెట్టావో, మింగేస్తాను.”

వకుళ బొచ్చు మొదళ్ళ జోలికి పోలేదు. కొసల దగ్గర మొదలుపెట్టి, వేళ్ళతో ఒడిసిపట్టి, రాకుమారి చిక్కు సంగతి చెబుతూ కొంచెం కొంచెంగా పైకి దువ్వింది. సాయంత్రానికి ఎలుగు పట్టులా మెరిసింది. “శాపపు చిక్కు మామూలు చెక్కకు లొంగదు తల్లీ. వజ్రకపాలుడి పెరట్లో వెండివేప ఉంది. ఆ చెక్కతో చేసిన దువ్వెనే దాన్ని విడదీస్తుంది. చేసినవాళ్ళు నలుగురిలో నిలబడి తమ పేరు మూడుసార్లు చెప్పుకోవాలి. అప్పుడే దానికి శక్తి వస్తుంది” అని చెప్పింది. ఆ చివరి మాట విని వకుళ ఊరివైపు ఒకసారి తిరిగి చూసింది. అయినా ముందుకే నడిచింది.

కొండ మొదట్లో గోరువంకల గుంపు ఉంది. వకుళ భయం పోగొట్టుకుందామని సన్నగా, “వకుళ దువ్వెనలు” అంది. అంతే, అవన్నీ వెక్కిరింపుగా “వకుళ దువ్వెనలు, వకుళ దువ్వెనలు” అని అందుకున్నాయి. ఆమెకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. వెనక్కి తిరిగిపోదామనుకుంది. తిరిగితే తరళ కూర్చున్న అరుగే కనిపిస్తుంది. కోపంతో ఇంకా గట్టిగా అరిచింది. పిట్టలు ఆ కేకను చెట్టు నుంచి చెట్టుకు, కొండ కొమ్ముదాకా మోసుకుపోయాయి.

కొండ మీద వజ్రకపాలుడు గుండు నిమురుకుంటూ ఎదురొచ్చాడు. “దువ్వెనలా? నా గుండును వెక్కిరించడానికి వచ్చావా? నిన్ను నమిలేస్తాను!”

వకుళకు పారిపోవాలనిపించింది. మూట గుండెకు హత్తుకుని, “మీకు అక్కరలేదు, నిజమే. మీ ఇంట్లో జుట్టున్నవాళ్ళు ఇంకెవరూ లేరా?” అంది.

గుహలోంచి వణుకుతున్న గొంతు వినిపించింది. “ఒరేయ్, ఆ దువ్వెనల పిల్లను రానీరా. పిట్టలు పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నాయి. నా తల దువ్వేవాళ్ళు లేక ఎన్నేళ్ళయింది!”

రాక్షసుడి ముసలితల్లి నెరిసిన జుట్టు గుహంతా పరుచుకుని ఉంది. వకుళ కొసలనుంచి మొదలుపెట్టి, నూనె రాసి, చక్కగా దువ్వి జడవేసింది. తల్లి ముఖం చూసి వజ్రకపాలుడు వెక్కివెక్కి ఏడ్చాడు. వకుళ వెండివేప చెక్క అడగ్గానే తన చేత్తోనే కొమ్మ విరిచి ఇచ్చాడు.

అడవిలోనే దువ్వెన చేసి, నూనెలో నానబెట్టి, తర్వాతి సంతనాటికి వకుళ తిరిగివచ్చింది. ఊరి పొలిమేరలోనే తరళ ఎదురై, చేతులు పట్టుకుని ఏడ్చింది. “తప్పయిపోయిందే. నీ దువ్వెనలు అయిపోయాయి. వేరేవి తెచ్చి అమ్మితే విరిగి నా ముఖాన పడుతున్నాయి. ఆ దువ్వెన ఇటివ్వు, ఎప్పటిలా నేనే కేకేస్తాను. అంతమందిలో నీకు నోరు రాదు కదే.”

ఎదురుగా అంగడి వీధి నిండా జనం కనిపిస్తున్నారు.  ఇచ్చేస్తే ఎంత హాయి! చెయ్యి సగందాకా చాచింది కూడా. అప్పుడు చూసింది, తరళ కళ్ళు తన ముఖాన్ని వదిలేసి దువ్వెన మీదే ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, నేరుగా తన అరుగెక్కింది.

“వకుళ...” మొదటి కేక ముక్కలైంది. ఎవరో నవ్వారు.  “వకుళ దువ్వెన!” రెండోది పక్క అరుగుదాకా వెళ్ళింది. మూడోదానికి బజారంతా తిరిగి చూసింది. “వకుళ దువ్వెన! ఇది నేను చేశాను!”

వెండివేప తళుక్కున మెరిసింది. అంతకుముందు వచ్చినవాళ్ళందరూ మేడ ఎక్కి, రాకుమారి నెత్తిన మొదలుపెట్టి ఓడిపోయారు. వకుళ వీధిలోనే కూర్చుని, కొసలనుంచి దువ్వుకుంటూ, మేడ బయటి మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూ పైకి పోయింది. ఆమె కిటికీ చేరేసరికి శాపం విడిపోయింది. లవంగిక తల అటూ ఇటూ తిప్పి నవ్వింది.

“అర్ధరాజ్యం కావాలా?” అన్నాడు రాజు.

“నా అరుగు చాలు, మహారాజా.”

రాజు అరుగుతో పాటు అంగడి పెద్దరికమూ ఇచ్చాడు. మర్నాడు తరళ వచ్చి అరుగు ముందు నిలబడింది. “నన్ను మళ్ళీ కేకెయ్యనిస్తావా?”

వకుళకు ఆ గొంతు వినగానే గుండెలో కలుక్కుమంది. ఆ నొప్పి వెండివేపతో కూడా పోలేదు. “లేదే. నా పేరు నేనే చెప్పుకుంటాను. కావాలంటే ఆ చివర అరుగు ఖాళీగా ఉంది. నీ చేతులతో ఏదైనా చెయ్యి, నీ పేరుతో అమ్ముకో.”

తరళ తలవంచుకుని ఆ చివరకు నడిచింది. వకుళ అరుగు మీది తెరను విప్పి మడతపెట్టింది. అరచేతుల చెమట దానికే తుడుచుకుని, లేచి నిలబడి, ఆ రోజుకు మొదటి కేక వేసింది.