I మైనస్ అరవై మూడు

"మిషన్ నిద్రపోయిందా?" అంది పక్క మెషిన్ మీద పనిచేసే అబిగేయిల్.

శౌరికి చెవులు ఎర్రబడ్డాయి. దేశం కాని దేశంలో, డ్రోహెడాలోని ఆ మెషిన్ షాపులో అతనికిది మొదటి రోజు. స్టీలు ప్లేటులో గుండ్రటి గాడి కోయడానికి ప్రోగ్రామ్ రాసి స్టార్ట్ నొక్కితే, కట్టర్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"R ఇరవై అని రాశాను కదండీ. వ్యాసార్థం."

"మొదలూ చివరా ఒకే పాయింట్ ఇచ్చావ్. వచ్చేశాగా అనుకుని అది కూర్చుంది. ఫుల్ సర్కిల్‌కి సెంటర్ చెప్పాలి. నువ్వున్న చోటు నుంచి అడ్డంగా ఎంతో I, నిలువుగా ఎంతో J. అంతే."

R తీసేసి I, J రాసింది. కట్టర్ బుద్ధిగా సున్నా చుట్టింది. గుంటూరులో చదివిన ఇంజినీరింగ్ పరువు ఆ పూటే పోయింది. దాంతోపాటే మనసూ పోయింది.

ఎనిమిది నెలలు గడిచాయి. ధైర్యం కూడగట్టుకుని రోజూ లంచ్‌లో "తిన్నావా?" అనేవాడు. ఇక్కడే పెరిగిన తెలుగమ్మాయి అబిగేయిల్ ఇక్కడి తీరులో "గ్రాండ్" అనేది, అంటే బానే ఉందని. కథ అక్కడికే ఆగేది.

ఇంతలో ఆమెకి పోర్ట్‌లీష్‌లో ఉద్యోగం వచ్చింది. ఇవాళ శుక్రవారం, ఇక్కడ ఆమెకి ఆఖరి రోజు. ఇవాళ నోరు విప్పకపోతే ఇక ఎప్పటికీ విప్పలేనని శౌరికి తెలుసు. క్యాంటీన్ కిటికీ మీద వాన దంచుతోంది.

"తిన్నావా?"

"తిన్నా."

"సరే."

అబిగేయిల్ స్పూన్ కింద పెట్టింది. "ఎనిమిది నెలల్నించీ ఇదే ప్రోగ్రామ్. మొదలెట్టిన చోటే ఆగిపోతావ్. సెంటర్ ఎక్కడో చెప్పవా, శౌరీ?"

శౌరి ఫోన్‌లో మ్యాప్ తెరిచాడు. ఏదో కొలిచాడు. డెలివరీ నోట్ వెనక ఒక్క లైన్ రాసి ముందుకు తోశాడు: G02 I-63 J-76.

"యూనిట్స్?"

"కిలోమీటర్లు. మొదలు డ్రోహెడా."

పడమరకి అరవై మూడు, దక్షిణానికి డెబ్బై ఆరు. అతను సెంటర్ పెట్టింది పోర్ట్‌లీష్‌లో అని ఆమెకి అర్థమైంది. ఆ లైన్ మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"తప్పుందా?" అన్నాడు శౌరి.

"ఉంది. G02 అంటే క్లాక్‌వైజ్. ఇక్కణ్నుంచి అటు తిరిగితే నేరుగా సముద్రంలో పడతావ్." పెన్ లాక్కుని రెండు కొట్టేసి మూడు వేసింది. "ఇటైతే వెక్స్‌ఫర్డ్ దాకా నేల మీదే."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నేనొచ్చి పట్టుకుంటాలే." కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి రా. 'తిన్నావా' అని ఈసారి మమ్మీ అడుగుతుంది."