ఎర్ర దీపం కింద కడిగిన ఫొటో

“ఆరు బాంబర్లు పదకొండింటికి లేస్తాయి,” అన్నాడు చీఫ్. “నువ్వు ఈ మేడమ్‌ని బోర్డర్ దాటించాలి. అదే నీ అసైన్‌మెంట్.”

టైమ్ పది నలభై. పదిహేను రోజులుగా గోడలకు రంగులేసే వేషంలో శత్రు ముఠా వెంట తిరుగుతున్న ఏజెంటు, మరకల బట్టలతోనే ఆఫీసుకు వచ్చాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్ పెయింటర్. ఎదుటి సోఫాలో, శత్రు ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతోంది. ఆమె అందం చూసి ఆఫీసులో సగం మందికి బుర్ర పనిచేయడం మానేసింది. మిగతా సగానికి ముందునుంచీ లేదు.

“టార్గెట్ ఏంటి సార్?”

మేడమ్ తెచ్చిన ఫిలింలోంచి కడిగించిన ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటోని చీఫ్ అతని ముందుకు జరిపాడు. అడవిలో ఒక విమానం. రెక్కలు కొమ్మల కింద దాగి ఉన్నాయి. తోక మీద నల్లటి పట్టీ ఒక్కటే కనిపిస్తోంది.

“శత్రువుల రహస్య విమానం,” అన్నాడు రంగుల పండితుడు. ఫొటోలు చూసి రంగులు చెప్పడం ఆయన ఉద్యోగం. విమానాన్ని ఆయన దగ్గరగా చూసింది క్యాలెండర్ మీదే. గోడ మీది చార్టును పసుపు పెన్సిల్‌తో తట్టాడు. “ముదురుగా ఉంటే ఎరుపు, అంటే వాళ్లది. లేతగా ఉంటే పసుపు, అంటే మనది. ఇందులో ఆలోచించడానికేముంది?”

ఆలోచన ఆయనకు ఎప్పుడూ పడలేదు. పెయింటర్ మాత్రం ఆ నల్ల పట్టీ మీదికి వంగాడు. పంతొమ్మిది మంది గాయపడ్డ సైనికులతో బయల్దేరిన మన అంబులెన్స్ విమానం జాడ మూడు రోజులుగా లేదు. దాని తోకకు పసుపు పట్టీ. నడిపింది అతని తమ్ముడు. ముఠా మనుషుల మొహాలు తెలిసిన ఒకే ఒక్క సైనికుడూ అందులోనే ఉన్నాడు.

“ఏ ఫిలిం వాడారు మేడమ్?”

“కొత్తదే. అన్ని రంగులూ పట్టేది,” అందామె తొణక్కుండా.

పెయింటర్ డార్క్‌రూమ్ తలుపు తట్టాడు. “పెద్దాయనా, ఈ రోల్ ఎలా కడిగావ్?”

“ఎప్పట్లాగే బాబూ, ఎర్ర లైటు పెట్టుకుని. చక్కగా వచ్చిందిగా?”

“కొత్త ఫిలిమైతే?”

“ఎర్ర లైటు తగిలితే మొత్తం పాడైపోదూ! దాన్ని కటిక చీకట్లోనే కడగాలి. ఇది పాత రకం, దీనికి ఎరుపు కనబడదు.”

పెయింటర్ జేబులోంచి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన నీలం గాజు భూతద్దం తీసి చీఫ్ కంటికి పెట్టాడు. “పండితులవారి పెన్సిల్ చూడండి సార్. పాత ఫిలిం ఇంచుమించు ఇలాగే చూస్తుంది.”

“అరె, నల్లగా ఉందే!”

“ఆ ఫిలింలో ఎరుపూ నలుపే, పసుపూ నలుపే. నిజంగా ఎర్ర పట్టీ అయితే ఈవిడ కొత్త ఫిలింతోనే తీసేది. పసుపుని దాచాలి కాబట్టే పాతది వాడి, మనతో అబద్ధమాడింది. అది మన విమానం సార్, ముఠాని గుర్తుపట్టే సైనికుణ్ణి మన బాంబులతోనే చంపించాలని ఈవిడ ప్లాన్. అక్కడ నా తమ్ముడున్నాడు!”

“చార్టులో అలా లేదే,” అన్నాడు పండితుడు.

మేడమ్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని మూతలో ఒక తూటా పట్టే పిస్టల్ ఉందని పెయింటర్‌కి తెలుసు. మణికట్టు పట్టుకుని మెలేశాడు. తూటా చార్టులో దిగింది. పండితుడు బల్ల కిందికి దూరాడు. ఆ ఉదయం ఆయన చేసిన తెలివైన పని అదే.

చీఫ్ ఫోన్ అందుకున్నాడు. ఎయిర్‌బేస్‌లో రింగవుతోంది, ఎవరూ ఎత్తరు. ఇంజన్ల మోతలో వినబడుతుందా? పది యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. బాంబర్లు ఒకసారి లేస్తే వైర్‌లెస్ కట్టేస్తారు, ఇక పిలిచే దారి లేదు. పెయింటర్ ఏ దేవుణ్ణీ వదలకుండా మొక్కుకున్నాడు.

“హలో?”

“ఆపండి! ఒక్కటీ లేవకూడదు!” చీఫ్ అరిచాడు.

మొదటి బాంబరు రన్‌వే మీద అప్పటికే కదిలింది. చివరి గజాల్లో ఆగింది.

మధ్యాహ్నానికి రెస్క్యూ టీమ్ కబురొచ్చింది. అందరూ ప్రాణాలతోనే ఉన్నారు. పసుపు పట్టీ చెక్కు చెదరలేదు. పెయింటర్ కుర్చీలో కూలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

పండితుడు బట్టలు దులుపుకుంటూ వచ్చాడు. “నిజానికి, పసుపేమోనని నాకూ అనుమానమొచ్చింది.”

“అందుకే కాబోలు ఆరు బాంబర్లతో సరిపెట్టారు,” అన్నాడు పెయింటర్ కళ్లు తుడుచుకుంటూ. “నమ్మకంగా ఉంటే పన్నెండు పంపేవారు.”