వంటింటి గేటు

"ముందు ఆ గిన్నె వదలండి!"

మా ఇంట్లో అడుగుపెడుతూనే ఆమె నా మీద వేసిన కేక అది. నేనేమో మా కుక్క దొర తింటున్న గిన్నె లాక్కుని, ఇంటికి పెద్దెవరో దానికి నేర్పుతున్నాను. దొర పళ్లు బయటపెట్టి గుర్రుమంటోంది.

"మీ కంచం ఎవరైనా ఇలా లాక్కుంటే ఊరుకుంటారా?"

"మా అక్క లాక్కునేదండీ. నేను కరిచేవాణ్ని."

ఆమె నవ్వలేదు. కుక్కలకు ట్రైనింగ్ ఇచ్చే మనిషికి కోపం ఇంత అందంగా ఉండటం అన్యాయం అనుకున్నాను.

అక్క కూతురు అప్పుడప్పుడే పాకుతోంది. ఒకసారి గిన్నె దాకా పాకితే దొర గుర్రుమంది. నాన్న తేల్చి చెప్పేశారు: "ఇంకొక్కసారి ఇలా జరిగితే దీన్ని ఎవరికైనా ఇచ్చేస్తాను." ఆరేళ్లుగా నా మంచం కింద పడుకుంటున్న దొరని! నాకు అన్నం సహించలేదు. అందుకే ఆమెను పిలిపించాను.

"గుర్రుమంటే దగ్గరికి రావద్దని చెప్తున్నట్టు. అలా గుర్రుమన్నందుకు కొట్టారనుకోండి, ఈసారి చెప్పకుండా కరుస్తుంది," అంది.

వంటింటి గుమ్మానికి చిన్న గేటు పెట్టించింది. దొర లోపల తినాలి, పాప బయట ఉండాలి. మేం దూరం నుంచే చికెన్ ముక్క విసిరి వెళ్లిపోవాలి. మనిషి వస్తే ఉన్నది పోదు, ఇంకాస్త వస్తుందని దానికి నమ్మకం కుదరాలి. మూడు వారాలకు నన్ను చూసి దొర తోక ఊపడం మొదలుపెట్టింది. ఆమెను చూస్తే నాకూ ఓ తోకుంటే బాగుండేదనిపించేది.

ప్రతి మంగళవారం వచ్చే ఆమె, ఆ వారం వానలో తడిసి వచ్చింది. తువ్వాలు ఇచ్చాను.

"హోంవర్క్ చేస్తున్నారా?"

"దొర పాసవుతోంది. నేనే ఫెయిలవుతున్నాను."

"ఎందులో?"

చెప్పబోయాను. వంటింట్లోంచి గుర్రుమని వినిపించింది.

గేటు బార్లా తెరిచి ఉంది. పాప గిన్నెకు జానెడు దూరంలో కూర్చుంది. అక్క కెవ్వుమనబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అరవద్దు. పరుగెత్తొద్దు."

సంచిలోంచి చికెన్ ముక్కలు తీసి అవతలి మూలకు విసిరింది. దొర పాపను చూసింది. ముక్కల్ని చూసింది. ఎంతకీ కదలదే! చివరికి మూలకు నడిచింది. అక్క పాపను ఎత్తుకుని ఏడ్చేసింది.

నాన్న గొలుసు అందుకున్నారు.

"సార్, అది కరవలేదు..." అంది ఆమె.

"కరిచాక మాట్లాడుకుందామా అమ్మా? అసలు గేటు తీసిందెవరు?"

"నేనే నాన్నా," అన్నాను. "దొరకు గిన్నె పెట్టి వస్తుంటే బెల్ మోగింది. గడియ వేయకుండా పరుగెత్తాను."

"బెల్ మోగితే పరుగెందుకురా? ఇల్లేమైనా తగలబడిపోతోందా?"

"వచ్చింది ఈవిడ కాబట్టి." ఇక దాచి లాభం లేదు. "మంగళవారం ఎప్పుడొస్తుందా అని వారమంతా చూస్తున్నాను. నాకు ఈవిడంటే ప్రేమ. తప్పు నాది. పంపిస్తే నన్ను పంపండి, దొరను కాదు."

అక్క ఏడుపు ఆపి నోరు తెరిచింది. నాన్న నన్నూ దొరనూ మార్చి మార్చి చూసి, గొలుసు మేకుకు తగిలించారు.

"కుక్కకు వచ్చిన బుద్ధి వీడికి రాలేదు. వీడికి ట్రైనింగ్ చాలా కాలం పట్టేలా ఉంది. మీకు ఇష్టమేనా అమ్మా?"

ఆమె తువ్వాల్లో మొహం దాచుకుని చాలాసేపు తుడుచుకుంది. తుడవడానికి అక్కడ నీళ్లేం మిగల్లేదు.

"ఇష్టమే అంకుల్," అంది. అప్పటిదాకా ఆయన సార్.