నాలుగో సినారియో

రేణిగుంట జంక్షన్‌లో మద్రాసు మెయిల్ ఆగేసరికి, ఫస్ట్ క్లాస్ బోగీలో డాక్టర్ దేవరాజులు శవమై ఉన్నాడు.

“మిగిలింది వరదయ్య ఒక్కడే,” ఫోన్‌లో జయరామ్‌తో అన్నాడు చీఫ్. “రెండువేల సంవత్సరానికి దేశం ఎలా ఉంటుందో ఆ ఇద్దరూ నాలుగు సినారియోలు తయారుచేశారు. నాలుగోది ప్రమాదం. ఊరూరా ఇలాగే బోర్లు దించుకుంటూ పోతే భూమిలో నీళ్ళు మిగలవు. ఢిల్లీ మీటింగులో అది వినిపిస్తే ఒక విదేశీ పంపుల ముఠా కాంట్రాక్టు పోతుంది. అతన్ని ప్రాణాలతో అక్కడికి చేర్చు. మన ఏజెంట్ పంకజాక్షి సాయం వస్తుంది. నువ్వు ఆమెను చూడలేదు. తిరుచానూరులో పుట్టి పెరిగిన పిల్ల. కోడ్ రాసుకో.”

ఏజెంట్ జయరామ్ చిత్తూరువాడు. వరదయ్యకు గుండు చేయించి, చందనం పూయించి, తిరుమలలో ఒక కాటేజీలో దాచాడు. అన్ని గుండ్ల మధ్య ఈ గుండును ఎవడు పట్టగలడు?

“మా వూరి బావిలో కోళ్ళు గుడ్లు పెడతా ఉండాయప్పా,” అన్నాడు వరదయ్య. “నాలుగోది రావడమేంది, మా యింటికి వచ్చేసినాదిలే.”

తలుపు చప్పుడైంది. నల్ల కళ్ళద్దాలు, నైలెక్స్ చీర, జడలో మూరెడు మల్లెలు, చేతిలో ఫ్లాస్కు. కళ్ళు తిప్పుకోలేని అందం.

“నాయుడుపేటలో వానా?”

“తిరుచానూరులో ఎండ.”

కోడ్ సరిపోయింది. ఆమె కాఫీ వంచింది. “తాగండి సార్. దర్శనం చేసుకుని నేరుగా ఇక్కడికే వచ్చాను.”

కప్పు వరదయ్య పెదవుల దాకా వెళ్ళింది. మల్లెల వాసన జయరామ్ ముక్కును తాకింది.

ఫట్! కప్పు గోడకు తగిలి పగిలింది.

“కొండమీద పూలన్నీ స్వామివే,” అన్నాడు జయరామ్. “ఈడ ఏ ఆడమనిషీ తల్లో పువ్వు పెట్టుకోదు. పంకజాక్షిని ఏంజేసినారు?”

ఆమె లిప్‌స్టిక్ మూత తిప్పింది. అది పిస్టల్! జయరామ్ ఆమె మణికట్టు విరిచాడు. బులెట్ పైకప్పులోకి దూసుకుపోయింది.

“రేణిగుంట గూడ్స్ షెడ్డు వెనక వెతుక్కో,” నవ్విందామె. “ఊపిరి మాత్రం ఉండదు.”

ఢిల్లీలో వరదయ్య గొంతు పోయేదాకా మాట్లాడాడు. మొదటి మూడింటికీ తలలు ఊగాయి. నాలుగోది మొదలవగానే ఛైర్మన్ లేచాడు. “మరీ నిరాశగా ఉందండీ. మూడింటితో సరిపెడదాం.”

బోర్ల కాంట్రాక్టు ఆ ముఠాకే దక్కిందని సాయంత్రం రేడియో చెప్పింది.

వరదయ్య గుండు తడుముకున్నాడు. “నా మాట నమ్మింది ఆ విషం తెచ్చినామె ఒకతే జయరామూ. ఆమెను ఛైర్మన్ని చేసింటే బాగుండు.”