దాచిపెట్టిన కత్తెర

"నా పెద్ద కత్తెర ఏదే?"

పొద్దున్నే ముందుగదిలో అమ్మ సొరుగులన్నీ లాగేస్తోంది. కుట్టుమిషను పక్కన దారపు ఉండలు, కొలత టేపు, సుద్దముక్కలు కుప్పపడి ఉన్నాయి. కూతురు కాఫీ తాగుతూ, కప్పులోంచి తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"ఏమో అమ్మా. ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు."

పచ్చి అబద్ధం! కత్తెర కూతురి బీరువాలోనే, దుప్పట్ల కింద ఉంది. అమ్మ ఎక్కడ వేలు కోసుకుంటుందోనని ముందురోజు తనే దాచింది.

"మర్చిపోయానా? నేనా? కత్తెర నా మూడో చెయ్యే!" అమ్మ సొరుగు ధడాలున మూసింది. "అదీ నిజమేలే. నిన్న టీచరుగారి కోటు మెడ దగ్గర వంకరగా కోసి తగలేశాను. ఎంతమంది పెళ్ళికూతుళ్ళ జాకెట్లు కోసిన చెయ్యి ఇది! ధ్యాస ఎటు పోతోందో ఏమో. ఇంక నేను పనికిరాను. మిషను ఎవరికైనా అమ్మేస్తా."

"నీరసం అమ్మా, అంతే. ఆ బలం మాత్రలు వేసుకో, తగ్గిపోతుంది."

అవి బలం మాత్రలు కావు. చెయ్యి కదలికలను నడిపే మెదడు కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయని, చేతి వణుకును అదుపులో పెట్టగలమేగాని జబ్బును పూర్తిగా నయం చేయలేమని డాక్టరు చెప్పాడు. ఏదున్నా ముందు తనకే చెప్పమని కూతురే ఆయన్ని బతిమాలుకుంది. అమ్మ తట్టుకోలేదని ఆమె భయం. బస్సెక్కాక కూడా ఆ సొరుగు చప్పుడు ఆమె చెవుల్లోంచి పోలేదు.

ప్రయోగశాలలోనూ చిరాకే ఎదురైంది. ఆమె పరిశోధన కూడా అలాంటి కణాల మీదే. ప్రాణవాయువును వాడుకునేటప్పుడు కణంలో ఘాటైన అణువులు కొన్ని పుడతాయి. అవి మితిమీరితే కణాన్ని లోపల్నుంచే తినేస్తాయి. వాటిని అణిచే జన్యువులు కణంలోనే ఉన్నా, అవి ఊరికే పనిచేయవు. వాటిని మేల్కొలిపే ప్రోటీన్ ఒకటుంది. మామూలు రోజుల్లో మరో ప్రోటీన్ దాన్ని కాపలా కాసి, పుట్టింది పుట్టినట్టే నాశనం చేయిస్తుంది. ఘాటు తగిలినప్పుడే ఆ కాపలా సడలుతుంది. అప్పుడా ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్ళి, నిద్రపోతున్న జన్యువులను లేపుతుంది.

ఆమె పెంచుతున్న కణాల్లో మాత్రం ఒక్క జన్యువూ లేవలేదు. ఈసారీ అంతే. ఆమె చేతిలోని పెన్ను బల్లమీదికి విసిరికొట్టింది.

"ఎంత ఘాటు పోసినా ఉలుకూ పలుకూ లేదు మేడమ్! నా ఖర్మ!"

పక్క బల్ల దగ్గరున్న గైడ్ మేడమ్ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ముందు వీటికి ఏం తిండి పెడుతున్నావో చెప్పు."

"మామూలు ద్రవమే మేడమ్. మొదట్లో ఊరికే చచ్చిపోతున్నాయని, ఘాటును విరిచే మందు కాస్త కలిపాను..."

"అది ఆపేశావా?"

కూతురు ఆపలేదు. చచ్చిపోతాయేమోనన్న భయంతో రోజూ కలుపుతూనే ఉంది.

"బాగుంది! నువ్వు పోసిన ఘాటును నీ మందే మింగేస్తోంది. ఇంక వాటికి తెలిసేదెలా? నిక్షేపంగా నిద్రపోతున్నాయి." మేడమ్ నవ్వేసింది.

కూతురికి నవ్వు రాలేదు. ఉన్నట్టుండి ఇంట్లో తను దాచిన కత్తెర గుర్తొచ్చింది. తెల్లకోటు విప్పేసి, చెప్పాపెట్టకుండా ఇంటిదారి పట్టింది.

ఇంట్లో అమ్మ నేలమీద కూర్చుని ఉంది. మిషనుకు ముసుగు కప్పేసింది. ఒళ్ళో పెద్ద కత్తెర ఉంది.

"దుప్పటి కోసం నీ బీరువా తీశాను," అంది అమ్మ. గొంతులో కోపం కూడా లేదు. "మిషను కొనేవాళ్ళు రేపు వస్తామన్నారు. నువ్వే కత్తెర దాచావంటే నా పని అయిపోయినట్టేగా."

"అలా కాదమ్మా..."

"మరెలా?" ఇప్పుడు అరిచింది. "నా చెయ్యి నా మాట ఎందుకు వినట్లేదే? రోజూ నన్ను నేనే తిట్టుకుని చస్తున్నా. బద్ధకమా, పొగరా, మతి చెడిందా? నీకేదో తెలుసు. తెలిసీ నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నావు!"

కూతురు ఆమె పక్కనే కూలబడింది. జబ్బు పేరు చెప్పింది. డాక్టరు మాటలు, మాత్రల సంగతి ఏమీ దాచకుండా చెప్పేసింది. అమ్మ తన వేళ్ళు చాపి చూసుకుంది.

"అయితే... నేను శ్రద్ధ తప్పలేదన్నమాట."

"లేదమ్మా."

"పని మర్చిపోలేదు."

"లేదు."

అమ్మ భోరుమంది. ఏడుస్తూనే కూతురి వీపు మీద ఒక్కటి చరిచింది. "చదువుకున్న గాడిదా! జబ్బని చెబితే జబ్బుతో కొట్లాడేదాన్ని కదే! ఇన్నాళ్ళూ నాతో నేనే కొట్లాడుకునేలా చేశావు!"

"నువ్వు తట్టుకోలేవనుకున్నా అమ్మా. తప్పైపోయింది."

"నన్ను తట్టుకోనిస్తేగా!" అమ్మ ముక్కు చీదుకుని, బల్ల పట్టుకుని లేచింది. మిషను మీది ముసుగు లాగి పారేసింది. "ముందు ఆ కొనేవాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పు. తర్వాత ఇస్త్రీపెట్టె ఇటు తే."

టీచరుగారి కోటుకి మిగిలిన గుడ్డ బల్లమీద పరిచింది. ఒక అంచు జారకుండా ఇస్త్రీపెట్టె బరువు పెట్టింది. మోచెయ్యి బల్లకు ఆనించి, కత్తెర అందుకుని, రెండో అంచు పట్టుకోమని కూతురికి సైగ చేసింది. కూతురు పట్టుకుంది. ఎంత బిగబట్టినా ఏడుపు ఆగలేదు. ఆమె చేతుల్లో గుడ్డంతా వణికిపోతోంది.

అమ్మ కత్తెర ఆపి, కళ్ళు తుడుచుకుంది.

"సరిగ్గా పట్టుకోవే. ఇంతకీ జబ్బు నీకా, నాకా?"