డ్రమ్ము తిన్న ఉప్పు

శవం వేలికున్న వెండి ఉంగరం బొగ్గులా నల్లబడింది.

సముద్ర పరిశోధన కేంద్రం బేస్‌మెంట్. కిటికీ లేని గది. రెండు స్టీలు డ్రమ్ములు. ఒకటో డ్రమ్ము మూత తెరిచి ఉంది. దాని పక్కన బోర్లా పడి ఉన్నాడు కేంద్రం డైరెక్టర్.

ఫైర్ సిబ్బంది గాలి బాగుందని చెప్పాకే ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. అయినా తలుపు తెరిచే ఉంచమన్నాడు. కత్తి పట్టుకున్నవాడైతే కంటికి కనబడతాడు. గాలిని ఎక్కడని చూస్తూ కూర్చుంటాం?

బయట వరండాలో డైరెక్టర్ కూతురు నేలమీదే కూర్చుని ఉంది. ఆమెదీ ఇక్కడే ఉద్యోగం.

"మా నాన్నని నేనే చంపేశాను సార్."

"ఎలా?"

"డ్రమ్ముల్లో ఉన్నది ఆక్సిజన్ అందని లోతునుంచి తెచ్చిన సముద్రపు నీళ్లు. చచ్చిన నాచు వేస్తే బ్యాక్టీరియా తింటుంది. ఆక్సిజన్ లేకపోతే నైట్రేట్‌తో సరిపెట్టుకుంటుంది. ఒకటో డ్రమ్ముకి రోజూ రెండు చెంచాల నైట్రేట్ నేనే వేస్తాను."

"వెయ్యకపోతే?"

"సముద్రపు నీళ్లలో సల్ఫేట్ ఉంటుంది. దాన్ని వాడుకుంటుంది. అప్పుడు వెండిని కూడా నల్లబరిచే విషవాయువు పుడుతుంది. కొంచెమైతే కుళ్లిన గుడ్ల కంపు. బాగా ఎక్కువైతే ముక్కే మొద్దుబారిపోతుంది. మూతకున్న చిన్న కుళాయి తిప్పి, వాసన లేకపోతే తెరవడం ఇక్కడ అలవాటు. శాంపిల్ ఎప్పుడూ నాన్నే తీస్తారు."

"మీరు నైట్రేట్ వేశారా, లేదా?"

"వేశాననే గుర్తు సార్. కానీ థీసిస్ గొడవలో వారమంతా పరధ్యానం. ఒట్టేసి చెప్పలేను." ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది.

డిప్యూటీ డైరెక్టర్ ఆమె భుజం తట్టాడు.

"స్టోరులో ఉన్న డబ్బా చూశాను ఇన్‌స్పెక్టర్ గారూ. నిండా నైట్రేటే. పాపం, పిల్ల మర్చిపోయింది. రెండో డ్రమ్ము బాగానే ఉంది. దానికి అటెండర్ వేస్తాడు, అదే డబ్బాలోంచి. ఈ అమ్మాయి మీద కేసు పెట్టకండి."

అడక్కుండానే ఒలికే జాలి చూస్తే ఇన్‌స్పెక్టర్‌కి మొదటినుంచీ ఒళ్లుమంట.

అటెండర్‌ని పిలిచాడు. "రోజూ వేశావా?"

"అన్నం తినడం మర్చిపోతానేమో గానీ సార్, అది మర్చిపోను."

"స్టోరు తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"మా అందరి దగ్గరా ఉంటుంది సార్."

ఇన్‌స్పెక్టర్ స్టోరుకి వెళ్లి డబ్బా మూత తీశాడు. తెల్లటి పొడి అంచుదాకా ఉంది. వారంగా ఇద్దరు తవ్వుకుంటున్న డబ్బా అంత నిండుగా ఎలా ఉంటుంది? చెంచా అందులోనే ఉంది. పిడి సందులో చెమ్మకి గడ్డకట్టిన తెల్లటి ముద్ద. చెంచాను కవర్లో వేసి ల్యాబ్‌కి పంపాడు.

మర్నాడు సాయంత్రం ముగ్గురినీ బేస్‌మెంట్‌కి పిలిపించాడు. తలుపు మూయించాడు. రెండో డ్రమ్ము మూత మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడు దీన్ని తెరుస్తున్నాను."

కూతురు ఏడ్చి ఏడ్చి ఉన్న కళ్లతో అలాగే చూస్తోంది. అటెండర్ సాయం పట్టబోయాడు. మొదటి బోల్టు ఊడింది. రెండోది ఊడింది. మూత లేచింది.

ఏమీ కాలేదు.

డిప్యూటీ మాత్రం తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. బుగ్గలు పొంగి ఉన్నాయి. ముఖం కందగడ్డయింది. చెయ్యి వెనక్కి పెట్టి గడియ కోసం తడుముతున్నాడు.

"గాలి పీల్చుకోండి సార్, అవి కుళాయి నీళ్లే. పొద్దున ఫైర్ వాళ్లు డ్రమ్ము ఖాళీ చేశారు. అందులోనూ అదే విషం. అటెండర్ ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. మరి విషం ఎలా వచ్చింది? చెంచా పిడిలో దొరికింది నైట్రేట్ కాదు, వంటింటి ఉప్పు. డబ్బాలో ఉప్పు పోసినవాడు, పనయ్యాక మళ్లీ నైట్రేట్ నింపాడు. చెంచా కడగడం మర్చిపోయాడు. రెండో డ్రమ్ము బాగానే ఉందన్నది మీరే. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. మీరు ఊపిరి బిగబట్టారు."

డిప్యూటీ గోడవారన కూలబడ్డాడు.

"నా రిజల్ట్స్ దొంగవని పట్టుకున్నాడు. నెలాఖరుకి వెళ్లిపొమ్మన్నాడు. ఈ వయసులో నన్నెవరు చేర్చుకుంటారు?"

కానిస్టేబుల్ బేడీలు వేసి తీసుకెళ్లాడు.

కూతురు కదల్లేదు.

"అయితే నేను మర్చిపోలేదా సార్?"

"లేదమ్మా. రోజూ వేశావు. తప్పు నీది కాదు."

ఆమె రెండు అరచేతులూ తెరిచి చూసుకుంది.

"రోజూ ఆ ఉప్పు నేనే వేశాను," అంది మెల్లగా.

ఇన్‌స్పెక్టర్ ఆమె చెయ్యి పట్టుకుని మెట్లవైపు నడిపించాడు.