చెవి గాటు

ఆ బుధవారం ఐలేశం తన ఈ-మెయిల్ చెత్తబుట్టలోంచి నూట పన్నెండు ఉత్తరాలను తెరవకుండానే చెరిపేశాడు. వాటిలో యాదమ్మది ఒకటుందని అతనికి తెలియదు.

అంతకు ముందటేడు, 1998 వానాకాలంలో, నల్లగొండలోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో అతను పాఠం చెప్పేవాడు, ఆమె నేర్చుకునేది. మొదటి రోజే తగాదా. పెట్టె నిండా ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపిన స్పామ్. ఉత్తరం పైనుండే గజిబిజి వరుసల్లో, పంపిన కంప్యూటర్ విండోసా, లైనక్సా అన్న ఆనవాలు దొరుకుతుందని అతను చెప్పబోతుంటే, ఆమె అప్పటికే వేలు పెట్టి చూపించింది.

"గిది విండోస్ 95ది. గిది సుత గదే."

"ఎట్ల కనిపెట్టినవ్?"

"మా బాపు చెవి గాటు చూసి గొర్రె ఎవలిదో చెప్తడు సార్. గింత సదివిన మీకు గింత సేపా?"

కోపం రావలసిన చోట అతనికి నవ్వొచ్చింది. ఆ తర్వాత రోజూ పందెమే. ముందుగా చెప్పలేకపోయినవాళ్లు చాయ్ తాగించాలి. వానలు వెలిసేదాకా ఐలేశమే తాగించాడు.

ఉద్యోగం వచ్చి ఆమె హైదరాబాద్ వెళ్లింది. అడగవలసిన మాట ఇద్దరూ అడగలేదు. ఆఫీసులోని లైనక్స్ కంప్యూటర్ నుంచి వారానికో ఉత్తరం రాసేది. చెత్తంతా విండోస్ 95దే కదా అని ఐలేశం ఒక ఏర్పాటు చేశాడు: ఆ గుర్తున్నది ఏదొచ్చినా నేరుగా చెత్తబుట్టలోకే. ఉగాదికి వస్తే చూపించి మెప్పు పొందాలనుకున్నాడు.

ఉగాదికి ఆమె రాలేదు. తండ్రి గాలయ్య వచ్చాడు, భుజాన గొంగడి, చేతిలో పెళ్లిపత్రికతో.

"మక్తల్ పిలగాడు. వచ్చే బేస్తారం బిడ్డ లగ్గం. రావాలె సారూ."

ఐలేశం పత్రిక అందుకున్నాడు. ముసలాయన కదల్లేదు.

"నీకు రాసిందట గద? ఐతారం లోపట మా బాపును అడుగుమని. ఆఫీసుల నలుగురు చూస్తరని బయట ఇంటర్నెట్ దుకాణంల కూసోని రాసిందట. పది దినాలు ఎదురుచూసింది."

బయటి దుకాణాల్లో ఉండేవన్నీ విండోస్ 95లే.

"నేను సదవలే కాకా," అన్నాడు ఐలేశం.

"అయ్యో! నువ్వస్తే కాదంటనా కొడుకా? నేను సుత నీ తొవ్వ చూసిన. ఇగ మాటిచ్చిన."

గాలయ్య అతని భుజం తట్టి దేవరకొండ బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ ఏర్పాటును ఐలేశం ఆ పూటే తీసేశాడు. ఉత్తరం ఏమైందో యాదమ్మకు ఇంకా రాయలేదు.